డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్‌ పెంపకం: కేజ్ రెడీ చెయ్యడం నుంచి జబ్బు కనిపెట్టడం దాకా స్టెప్ బై స్టెప్

డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్ తెచ్చేసుకున్నాం ఇప్పుడేం చెయ్యాలి అని అడిగేవాళ్ళే ఎక్కువ, తెచ్చుకోబోతున్నాం ముందు ఏం రెడీ చేస్కోవాలి అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. నిజానికి ఎలకలాంటి ఈ చిన్న పెంపుడు జీవి విషయంలో ముప్పావు వంతు పని అది ఇంటికి రాకముందే అయిపోవాలి. కేజ్ సరిగ్గా సెట్ చేసి, తిండి విషయంలో క్లారిటీ తెచ్చుకుంటే తర్వాత రోజుకి పది పదిహేను నిమిషాల పనే ఉంటుంది. అది చెయ్యకపోతే మాత్రం కరుస్తోంది, రాత్రంతా కడ్డీలు కొరుకుతోంది, వాసనొస్తోంది అని ఒకదాని తర్వాత ఒకటి మొదలవుతాయి, వాటిలో సగానికి కారణం కేజే అయ్యుంటుంది.

అందుకే వరసగా చెప్తాను, వరస మార్చకుండా చెయ్యండి.

## 1. మీరు తెచ్చుకునేది ఏ రకమో తెల్సుకోండి

డ్వార్ఫ్ అని అమ్మేవాటిల్లో మామూలుగా కనిపించేవి నాలుగు.

- క్యాంప్‌బెల్: 30 నుంచి 50 గ్రాములు, వీపు మీద నల్లటి సన్న గీత. డయాబెటిస్ వచ్చే అవకాశం ఎక్కువ.
- వింటర్ వైట్: సైజు అంతే. పగటి వెలుతురు తగ్గే కాలంలో కొన్నిటి బొచ్చు తెల్లగా మారుతుంది, అది జబ్బు కాదు, కంగారు పడకండి.
- రోబోరోవ్‌స్కీ, అంటే రోబో: అన్నిటికన్నా చిన్నది, 20 నుంచి 25 గ్రాములే. కనుబొమ్మల దగ్గర తెల్లటి మచ్చలుంటాయి. మెరుపులాగా పరిగెడుతుంది, చేతిలో నిలబడటం కష్టం, చూసి ఆనందించడానికి మాత్రం ఇదే బెస్ట్.
- చైనీస్: సన్నగా పొడుగ్గా ఉంటుంది, తోక కొంచెం బయటికి కనిపిస్తుంది. అసలు లెక్క ప్రకారం ఇది డ్వార్ఫ్ జాతి కాదు కానీ సైజుని బట్టి వీటితో కలిపే అమ్ముతారు.

షాపుల్లో వింటర్ వైట్ అని ఇచ్చేవి చాలావరకు క్యాంప్‌బెల్‌తో కలిసిన క్రాసే. కాబట్టి రకం గ్యారంటీగా తెలియకపోతే క్రాస్ అనే అనుకుని, షుగర్ విషయంలో జాగ్రత్తగా ఉండండి.

ఆయుష్షు మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు, రోబోలు మూడేళ్ళ దాకా ఉండొచ్చు. పిల్లల కోసం తెచ్చేవాళ్ళు ఇది ముందే ఆలోచించుకోండి. ఇంకోటి, మీరుండే చోట హ్యామ్‌స్టర్ పెంచుకోవడానికి పర్మిషన్ ఉందో లేదో చూస్కోండి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి చోట్ల వీటిని అసలు పెంచనివ్వరు.

## 2. కేజ్: ఇక్కడ మాత్రం రాజీ పడకండి

చిన్న జంతువు కదా చిన్న కేజ్ చాలు అనుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఇవి రాత్రిపూట కిలోమీటర్ల కొద్దీ తిరిగే జంతువులు. నేల వైశాల్యం కనీసం 100 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు ఉండేలా చూడండి. అంతకన్నా పెద్దదైతే ఇంకా మంచిది, రోబో చిన్నది కదా అని దానికి తగ్గించకండి, అన్నిట్లోకీ ఎక్కువ పరిగెత్తేది అదే.

ఆ లెక్క ఒకే అంతస్తులో రావాలి. రెండు మూడు అంతస్తులు కలిపి ఇంత వస్తుందిలే అనుకోవద్దు. హ్యామ్‌స్టర్‌కి చూపు తక్కువ, ఎత్తు అంచనా వెయ్యలేదు, అంచు దాకా నడుచుకుంటూ వెళ్ళి కింద పడిపోతుంది. రంగురంగుల ట్యూబులు, నిచ్చెనలు ఉన్న ప్లాస్టిక్ కేజ్‌లు చూడ్డానికి బావుంటాయి కానీ వాటిల్లో తవ్వుకోడానికి చోటుండదు, గాలి ఆడదు, కడగడం నరకం.

పనికొచ్చేవి ఇవి:

- పైన జాలీ మూత ఉన్న పెద్ద గాజు ట్యాంక్. పాత అక్వేరియం అయినా పర్లేదు, లీకయ్యేదైనా ఇబ్బంది లేదు.
- పెద్ద ప్లాస్టిక్ స్టోరేజ్ బాక్స్, మూతలో పెద్ద కిటికీ కోసి ఇనప జాలీ బిగించింది. ప్లాస్టిక్ జాలీ వద్దు, కొరికేస్తుంది.
- కడ్డీల కేజ్ అయితే కడ్డీల మధ్య సందు 7 మి.మీ. దాటకూడదు, రోబోకి ఇంకా తక్కువ. తల పట్టిందంటే ఒళ్ళంతా పట్టినట్టే.

ఎక్కడ పెట్టాలి? ఎండ నేరుగా పడని చోట, ఏసీ గాలి కొట్టని చోట, టీవీ స్పీకర్లకి దూరంగా. మనకి వినపడని అల్ట్రాసౌండ్ కూడా వీటికి వినిపిస్తుంది, కాబట్టి కంప్యూటర్ పక్కన పెట్టడం కూడా మంచిది కాదు. పొగ, రూమ్ ఫ్రెష్‌నర్, దోమల మందు ఆ గదిలో వాడొద్దు. పిల్లి ఉన్న ఇంట్లో అయితే మూసుకునే తలుపున్న గది కావాలి, జాలీ ఉంది కదా అని పిల్లిని పక్కన కూర్చోనిస్తే ఆ వాసనకే అది రోజంతా భయంతో బతుకుతుంది.

గది టెంపరేచర్ 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. 27 దాటితే జాగ్రత్త పడాలి, 30 దాటితే ప్రమాదం. వేడి రోజుల్లో లోపల ఒక సిరామిక్ టైల్ పెట్టండి, దాని మీద పడుకుంటుంది. గడ్డకట్టిన నీళ్ళ బాటిల్‌ని గుడ్డలో చుట్టి కేజ్‌కి బయట ఆనించి పెట్టొచ్చు. ఫ్యాన్ గాలి సూటిగా దాని మీదకి తిప్పొద్దు.

## 3. బెడ్డింగ్: లోతే ముఖ్యం

అడుగున రెండు వేళ్ళ మందం పొట్టు పోసి వదిలేస్తారు చాలామంది. ఇవి నేలలో సొరంగాలు తవ్వుకుని బతికేవి. కేజ్‌లో కనీసం ఒక సగం 20 నుంచి 25 సెం.మీ. లోతు ఉండాలి. మిగతా సగం తక్కువ లోతు ఉన్నా పర్లేదు, అక్కడ పరిగెత్తడానికి వీల్, పొర్లడానికి ఇసక పెట్టుకోవచ్చు.

సొరంగం కూలిపోకుండా నిలబడాలంటే ఇలా చెయ్యండి:

1. పేపర్ బెడ్డింగ్ ఒక పొర పోసి చేత్తో గట్టిగా అదమండి.
2. దాని మీద ఎండుగడ్డి పల్చగా పరవండి.
3. మళ్ళీ బెడ్డింగ్, మళ్ళీ అదమడం. ఇలా నాలుగైదు పొరలు వెయ్యండి.
4. ఒక మూల అట్ట గొట్టం ఏటవాలుగా గుచ్చండి, తవ్వడం అక్కడ్నించే మొదలుపెడుతుంది.

ఏది వాడొచ్చు: వాసన లేని పేపర్ బెడ్డింగ్, ఆస్పెన్ చెక్క తురుము, గూడుకి ముక్కలుగా చింపిన మామూలు టాయిలెట్ పేపర్.

ఏది వద్దు: సీడార్ తురుము, ట్రీట్ చెయ్యని పైన్ తురుము, సన్నటి రంపపు పొట్టు. సీడార్, పైన్ నుంచి వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకి చెడు, పొట్టులో దుమ్ము ఎక్కువ. సువాసన కలిపిన బెడ్డింగ్ ఏదైనా వద్దు. ఇక గూటి కోసం అని ప్యాకెట్లలో అమ్మే దూదిలాంటి మెత్తటి పీచు అసలు ముట్టుకోకండి, అది కాళ్ళకి చుట్టుకుని రక్తం ఆగిపోయేలా చేస్తుంది, మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. ప్యాకెట్ మీద హ్యామ్‌స్టర్ బొమ్మ ఉన్నా సరే.

## 4. వీల్, ఇసక, దాక్కునే చోట్లు

వీల్: డ్వార్ఫ్‌లకి 20 సెం.మీ. వ్యాసం ఉన్నది తీస్కోండి. సరిపోతోందా లేదా అన్నది వీపు చూస్తే తెలిసిపోతుంది, పరిగెడుతున్నప్పుడు వీపు తిన్నగా ఉండాలి, వెనక్కి వంగి విల్లులా అయిందంటే వీల్ చిన్నదని అర్థం, అలా నెలల తరబడి తిరిగితే వెన్ను దెబ్బతింటుంది. పరిగెత్తే చోట కడ్డీలు, జాలీ ఉండకూడదు, కాలు ఇరుక్కుంటే విరుగుతుంది. వీల్‌ని బెడ్డింగ్ మీద నేరుగా పెట్టకండి, కింద తవ్వేసి వాలిపోతుంది. చిన్న చెక్క స్టాండ్ అడుగు దాకా తగిలేలా పెట్టి దాని మీద నిలబెట్టండి. బరువైన వస్తువు ఏదైనా ఇంతే, లేదంటే సొరంగంలో ఉన్నప్పుడు మీద పడుతుంది.

ఇసక: ఇది ఆట వస్తువు కాదు, అవసరం. బొచ్చులో జిడ్డు పోవడానికి ఇసకలో పొర్లుతుంది, చాలావరకు ఉచ్చ కూడా అక్కడే పోస్తుంది కాబట్టి మీకు శుభ్రం చెయ్యడం సులువవుతుంది. దుమ్ము లేని, రంగు కలపని, కాల్షియం లేని సన్న ఇసక కావాలి. చిన్చిల్లాల కోసం అమ్మే మెత్తటి పౌడర్ వాడితే ఊపిరితిత్తులు పాడవుతాయి, అది ఇసక కాదు దుమ్ము. మామూలు ఇసక తెస్తే జల్లెడ పట్టి, కడిగి, బాగా ఆరబెట్టి, వేడి చేసి చల్లార్చాక పొయ్యండి. రోబోకి కేజ్‌లో మూడో వంతు దాకా ఇసకే ఇచ్చినా ఎక్కువ కాదు.

నీళ్ళతో స్నానం ఎప్పుడూ చేయించొద్దు. ఒళ్ళు తడిస్తే చలికి లాగేస్తుంది, భయానికి కూడా ప్రాణం మీదకి వస్తుంది.

దాక్కునే చోట్లు: గదులు గదులుగా ఉన్న అడుగు లేని చెక్క ఇల్లు ఒకటి, అట్ట గొట్టాలు, బెరడు ముక్కలు, చిన్న మట్టికుండ లాంటివి నాలుగైదు. ఖాళీ మైదానంలా వదిలేస్తే బయటికి రావడానికే భయపడుతుంది. ఎంత ఎక్కువ దాక్కునే చోటు ఉంటే అంత ధైర్యంగా బయట తిరుగుతుంది, ఇది చాలామంది నమ్మరు కానీ చేసి చూడండి.

నీళ్ళు: బాటిల్ పెడితే రోజూ దాని మూతి దగ్గరుండే గుండు నొక్కి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడండి, ఇరుక్కుపోతే బాటిల్ నిండుగానే ఉంటుంది, అది మాత్రం దాహంతో ఉంటుంది. లోతు తక్కువ ఉన్న చిన్న గిన్నె కూడా వేరేగా పెడితే నిశ్చింత.

తెచ్చే ముందు ఒకసారి టిక్ పెట్టుకోండి:

- ☐ 100 × 50 సెం.మీ. కేజ్, గట్టి మూత
- ☐ ఒక వైపు 20 సెం.మీ.కి పైగా లోతున్న బెడ్డింగ్
- ☐ 20 సెం.మీ. వీల్, స్టాండ్ మీద
- ☐ ఇసక డబ్బా
- ☐ గదుల ఇల్లు, గొట్టాలు
- ☐ నీళ్ళ బాటిల్, గిన్నె
- ☐ తిండి
- ☐ గ్రాము లెక్కల్లో చూపించే డిజిటల్ తూకం
- ☐ గాలి ఆడే చిన్న క్యారియర్ డబ్బా
- ☐ చిన్న జంతువుల్ని చూసే వెట్ (జంతువుల డాక్టర్) ఫోన్ నంబర్

చివరిది మర్చిపోకండి. కుక్కలు, పిల్లుల్ని చూసే వెట్ అందరూ హ్యామ్‌స్టర్‌ని చూడరు, జబ్బొచ్చిన రాత్రి వెతకడం మొదలుపెడితే టైమ్ ఉండదు.

## 5. కొనేటప్పుడు ఏం చూడాలి

సాయంత్రం పూట వెళ్ళండి, పగలు అన్నీ నిద్రలో ఉంటాయి, ఏది హుషారుగా ఉందో తెలీదు. కళ్ళు మెరుస్తూ తెరుచుకుని ఉండాలి, ముక్కు పొడిగా ఉండాలి, తోక కింద భాగం తడిగా ఉండకూడదు, బొచ్చు ఊడిన మచ్చలు ఉండకూడదు. ఊపిరి పీల్చేటప్పుడు టిక్ టిక్‌మని చప్పుడొస్తే వద్దు. దానితో పాటు అదే డబ్బాలో ఉన్న మిగతావి జబ్బుగా ఉన్నా వద్దు, జాలిపడి తెచ్చుకుంటే రెండ్రోజుల్లో మీరే ఏడుస్తారు.

ఆడా మగా కలిపి ఉంచిన డబ్బాలోంచి ఆడదాన్ని తెస్తే అప్పటికే కడుపుతో ఉండొచ్చు. నాలుగైదు వారాల వయసుకే ఇవి గర్భానికి రెడీ అయిపోతాయి, 18 నుంచి 22 రోజుల్లో పిల్లలు పుడతాయి. అలా జరిగితే రెండు వారాల పాటు గూడు ముట్టుకోవద్దు, క్లీన్ చెయ్యొద్దు, తిండీ నీళ్ళూ పెంచండి అంతే. కదిపితే తల్లి పిల్లల్ని చంపేసే ప్రమాదం ఉంది. నాలుగు వారాలు నిండకముందే మగ పిల్లల్ని, ఆడ పిల్లల్ని విడదియ్యాలి.

## 6. మొదటి వారం

ఇంటికి తెచ్చాక క్యారియర్ మూత తీసి కేజ్‌లో పెట్టి, అదే బయటికి వచ్చేదాకా వదిలెయ్యండి. షాపులో దాని కింద ఉన్న పాత బెడ్డింగ్ గుప్పెడు అడిగి తెచ్చి లోపల వెయ్యండి, తన వాసన తగిలితే కుదురుకుంటుంది.

మొదటి మూడు నాలుగు రోజులు తిండి, నీళ్ళు మార్చడం తప్ప చెయ్యి పెట్టొద్దు. పిల్లలు గాజు మీద తట్టకుండా చూడండి. అది ఒక్కసారి కూడా బయట కనిపించకపోయినా గూడు తవ్వి చూడకండి, పొద్దున్నే తిండి తగ్గిందా, వీల్ జరిగిందా, ఇసకలో అడుగులున్నాయా చూస్తే చాలు.

నాలుగో రోజు నుంచి సాయంత్రాలు కేజ్ పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి, ఏం మాట్లాడినా సరే. మీ గొంతు అలవాటవ్వాలి అంతే.

## 7. తిండి

రోజుకి ఒక టీస్పూన్ నుంచి ఒకటిన్నర టీస్పూన్ గింజల మిక్స్ చాలు. చాలామందికి ఇది చాలా తక్కువగా అనిపిస్తుంది, గిన్నె ఖాళీగా కనిపిస్తే మళ్ళీ నింపేస్తారు. అది తినెయ్యలేదు, బుగ్గల్లో పెట్టుకెళ్ళి గూట్లో దాచుకుంది.

ప్యాకెట్ కొనేటప్పుడు ప్రోటీన్ 17 నుంచి 20 శాతం, కొవ్వు 5 నుంచి 7 శాతం ఉన్నది చూడండి. ఎక్కువ రకాల చిన్న గింజలు ఉండాలి. రంగురంగుల బిస్కెట్ ముక్కలు, తేనె, బెల్లం పాకం, ఎండు పండ్లు కలిపింది పక్కన పెట్టెయ్యండి. గింజల్లో నచ్చినవే ఏరుకుని తింటోందంటే దానికి తోడు హ్యామ్‌స్టర్‌ల కోసం చేసే గట్టి పెల్లెట్ కూడా ఒకటి రెండు ఇవ్వండి.

గిన్నెలో పొయ్యడం కన్నా బెడ్డింగ్ మీద, గొట్టాల్లో చల్లండి. వెతుక్కుని తినడం వీటికి పెద్ద పని, ఆ పని దొరికితే కడ్డీలు కొరకడం సగం తగ్గుతుంది. కొర్ర కంకులు అలాగే నిలబెట్టి గుచ్చితే ఎక్కి కోసుకుంటుంది.

వారానికి రెండు మూడు సార్లు: కీర దోస, బ్రకోలీ, కొత్తిమీర లాంటివి మీ చిటికెన వేలి గోరంత. ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. తినని ముక్క కొన్ని గంటల్లో తీసెయ్యాలి, గూట్లో దాచిందేమో కూడా చూడాలి.

ప్రోటీన్ కోసం: ఎండిన మీల్‌వార్మ్ (పెంపుడు జంతువులకి తిండిగా అమ్మే పురుగు) ఒకటి రెండు, లేదా ఉప్పు లేకుండా ఉడికించిన గుడ్డు తెల్లసొన చిన్న ముక్క.

పండ్లు: క్యాంప్‌బెల్, వింటర్ వైట్, క్రాస్, చైనీస్, ఈ నాలుగిటికీ పండ్లు మానెయ్యడమే మంచిది. క్యారెట్, స్వీట్ కార్న్ కూడా తీపే, అరుదుగా చిటికెడు. డయాబెటిస్ ఒకసారి వస్తే దాన్ని కంట్రోల్‌లో పెట్టడమే తప్ప పోగొట్టలేం.

అసలు పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, నిమ్మ జాతి పండ్లు, పచ్చి బంగాళదుంప, పచ్చి చిక్కుడు గింజలు, ఆపిల్ విత్తనాలు, ఉప్పూ కారం నూనె తగిలిన మన వంట ఏదైనా. బుగ్గల్లో అతుక్కుపోయేవి, గుచ్చుకునేవి కూడా వద్దు.

పొద్దుతిరుగుడు గింజ తిండి కాదు, మచ్చిక చెయ్యడానికి లంచం. అలా వాడండి.

## 8. మచ్చిక చెయ్యడం

ఇది తొందరపడితే వెనక్కి పోయే పని. ఒక స్టెప్ కుదిరాకే తర్వాతది.

1. చేతులు వాసన లేని సబ్బుతో కడుక్కోండి. తిండి వాసన ఉంటే వేలే తిండి అనుకుని కొరుకుతుంది, దాని తప్పు కాదు.
2. అది మెలకువగా ఉన్నప్పుడు అరచెయ్యి కేజ్ నేల మీద పెట్టి కదలకుండా ఉంచండి. వాసన చూసి వెళ్ళిపోతే చాలు.
3. వేలి కొసన ఒక గింజ పెట్టండి. తీస్కుని పారిపోతుంది, పారిపోనివ్వండి.
4. గింజని అరచేతి మధ్యకి జరపండి. నాలుగు కాళ్ళూ చేతి మీద పెట్టి తినే దాకా ఇదే చెయ్యాలి.
5. అప్పుడు చేతిని ఒక అంగుళం పైకి లేపి దింపండి. గాభరా పడకపోతే రేపు ఇంకొంచెం.
6. బయటికి తియ్యాలంటే మొదట్లో గొట్టంలోకో కప్పులోకో ఎక్కించి తియ్యండి. నేల మీద కూర్చునే పట్టుకోండి, నిలబడి వద్దు. నడుం ఎత్తు నుంచి పడినా కాలు, దవడ విరగొచ్చు.

పై నుంచి చెయ్యి దించి పట్టుకోవద్దు, దానికది గద్ద వచ్చినట్టే. నిద్రలో ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. కరిస్తే అరవకండి, ఊదకండి, విదిలించకండి, మెల్లగా చెయ్యి కిందకి దించండి. మెడ వెనక చర్మం గట్టిగా లాగి పట్టుకోవడం ఎక్కడో చూసి ట్రై చెయ్యకండి, కంటి గుడ్డు బయటికి పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది.

రోబోలు కొన్ని ఎన్నాళ్ళైనా చేతిలో కూర్చోవు. అది ఫెయిల్యూర్ కాదు. భయపడకుండా మీ ముందు తిరుగుతోందంటే అది మచ్చికైనట్టే లెక్క.

పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బంతిలో పెట్టి ఇంట్లో వదలడం మాత్రం వద్దు. దానికి దారి కనపడదు, వాసన తెలీదు, గాలి సరిగ్గా ఆడదు, సందుల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి. బయట తిప్పాలనిపిస్తే 40 సెం.మీ. ఎత్తు నున్నటి గోడలున్న ప్లేపెన్ వేసి మీరూ దాంట్లో కూర్చోండి.

## 9. శుభ్రం చెయ్యడం: తక్కువ చెయ్యడమే సరైన పద్ధతి

వారం వారం మొత్తం ఖాళీ చేసి డెటాల్ కొట్టి కడిగేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే దాని వాసన మొత్తం పోయి, కొత్త చోటులో పడేసినట్టై ఇంకా ఎక్కువ వాసన గుర్తులు పెడుతుంది, మీకు ఇంకా ఎక్కువ వాసన.

- రోజూ: పచ్చి తిండి మిగిలితే తియ్యడం, నీళ్ళు మార్చడం.
- రెండు మూడు రోజులకి: ఉచ్చతో తడిసిన ఇసక గడ్డలు తీసి, జల్లెడ పట్టడం.
- వారానికి: వీల్ తుడవడం, తడిసిన బెడ్డింగ్ మాత్రం తియ్యడం, తూకం వెయ్యడం.
- ఒకటి రెండు నెలలకి: మూడో వంతు బెడ్డింగ్ మార్చి, మిగతా పాతదే కలిపి పొయ్యడం.

గూడు కూల్చొద్దు. దాచుకున్న గింజలన్నీ పారెయ్యొద్దు, బూజు పట్టినవి తీసి కొన్ని వదలండి. తుడవడానికి వేడి నీళ్ళు, కొంచెం వెనిగర్ చాలు. పెద్ద కేజ్, లోతు బెడ్డింగ్ ఉంటే వాసన నిజంగానే రాదు, వస్తోందంటే చోటు తక్కువని.

మగవాటి పొట్ట మధ్యలో పసుపు పచ్చగా, కొంచెం అంటుకుని ఉన్న మచ్చ కనిపిస్తుంది. అది వాసన గ్రంథి, పుండు కాదు. గీకొద్దు. ఎర్రబడి వాస్తేనే వెట్‌కి చూపించండి.

## 10. ఒకటా, జంటా

ఒక్కటే. నా మాట ఇదే.

డ్వార్ఫ్‌లు కలిసి ఉంటాయని అమ్మేవాళ్ళు అంటారు, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన ఒకే ఈత పిల్లలు కొన్నాళ్ళు ఉండొచ్చు కూడా. కానీ పెద్దయ్యాక ఎప్పుడు చెడుతుందో తెలీదు, రాత్రికి రాత్రి ఒకటి ఇంకోదాన్ని చంపేసిన కేసులు మామూలే. ఒంటరిగా ఉంటే పాపం కదా అనేది మన ఫీలింగ్, దానిది కాదు.

ఇప్పటికే జంట ఉంటే అన్నీ రెండేసి ఉండాలి, వీల్, గిన్నె, ఇల్లు అన్నీ, ఆ ఇళ్ళకి రెండు ద్వారాలుండాలి. ఖాళీ కేజ్ ఇంకోటి రెడీగా ఉంచండి. ఒకటి ఇంకోదాన్ని వెంటాడుతూ కీచుమంటూ ఉందా, ఒకటి సన్నబడుతోందా, తోక దగ్గరో చెవి దగ్గరో గాయం కనిపించిందా, ఆ రోజే విడదియ్యండి. మళ్ళీ కలపాలని చూడొద్దు. ఆడా మగా కలిపి మాత్రం ఉంచనే వద్దు, ఆడది ఈనిన రోజే మళ్ళీ గర్భం దాల్చగలదు.

## 11. జబ్బు కనిపెట్టడం

ఇవి జబ్బు దాచుకునే జంతువులు, మనకి కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే వారం వారం తూకం. ఒక డబ్బాలో కూర్చోబెట్టి తూచి రాసుకోండి. 40 గ్రాముల జంతువు 4 గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు, అప్పుడే వెట్‌కి చూపించాలి.

అదే రోజు వెట్ దగ్గరికి వెళ్ళాల్సినవి:

- నీళ్ళ విరేచనాలు, తోక కింద తడి. గంటల్లో నీరసించిపోతుంది, రేపు చూద్దాం అనుకోవద్దు.
- ఊపిరిలో చప్పుడు, నోరు తెరిచి ఊపిరి తియ్యడం.
- తిండి పూర్తిగా మానెయ్యడం.
- రక్తం, ఆడవాటికి చీము లాంటి స్రావం.
- బుగ్గ ఒక రోజు దాటినా ఖాళీ కాకుండా ఉబ్బి ఉండటం.
- కన్ను ఉబ్బి బయటికి రావడం.

డయాబెటిస్ అనుమానం: ఒక్కసారిగా నీళ్ళు ఎక్కువ తాగుతోందా, బెడ్డింగ్ జిగటగా తడుస్తోందా, తింటున్నా సన్నబడుతోందా? మనుషుల ఉచ్చలో గ్లూకోజ్, కీటోన్లు చూసే స్ట్రిప్స్ ఉంటాయి కదా, అవే పనికొస్తాయి. శుభ్రమైన ఖాళీ డబ్బాలో కాసేపు ఉంచి, పోసిన చుక్కలో స్ట్రిప్ ముంచండి. పాజిటివ్ వస్తే తీపి మొత్తం ఆపేసి వెట్‌తో మాట్లాడండి, నీళ్ళు మాత్రం తగ్గించొద్దు.

బొచ్చు ఊడటం, గోక్కోవడం: ఎక్కువసార్లు మైట్స్, అంటే చర్మాన్ని పట్టే కంటికి ఆనని పురుగులు. కుక్కల మందు, పిల్లుల మందు మీరే లెక్కేసి పుయ్యకండి, ఈ సైజుకి ఒక చుక్క ఎక్కువైనా విషమే.

పళ్ళు: జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పసుపు రంగు సహజం, తెల్లగా ఉండాలని లేదు. నములుకోడానికి కెమికల్స్ లేని చెక్క ముక్కలు ఎప్పుడూ ఉంచండి. నోటి నుంచి సొంగ కారుతున్నా, గింజ పట్టుకుని వదిలేస్తున్నా పళ్ళు చూపించాలి. కత్తిరించడం ఇంట్లో వద్దు.

చల్లగా, కదలకుండా పడి ఉంటే: చనిపోయిందని తేల్చెయ్యకండి. బాగా చలి ఉన్నప్పుడు ఇవి మొద్దు నిద్రలాంటి స్థితిలోకి పోతాయి. నిమిషం పాటు పక్కటెముకలు, మీసాలు గమనించండి, చాలా మెల్లగా ఊపిరి కనిపించొచ్చు. చేతుల్లో పట్టుకుని, గది వేడి చేసి నెమ్మదిగా వెచ్చబెట్టండి, వేడి నీళ్ళు, హీటర్ దగ్గరికి వద్దు. లేచాక నీళ్ళూ తిండీ పెట్టి, వెట్‌కి చెప్పండి.

ఎండదెబ్బ: వేడి రోజున ఒళ్ళు వేలాడేసి, సొంగ కారుస్తూ గబగబా ఊపిరి తీస్తుంటే చల్లటి చోటికి మార్చి, మామూలు నీళ్ళలో తడిపి పిండిన గుడ్డ మీద ఉంచండి. ఐసు నీళ్ళు వద్దు. అలాగే వెట్ దగ్గరికి బయల్దేరండి.

ఒకటి గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఉన్న మన యాంటీబయాటిక్ పొడి చేసి పెట్టడం ప్రాణం తీస్తుంది. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోట్లో వేస్తే వీటి పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి రోజుల్లో పోతాయి. అలవాటు లేని వెట్ రాసినా, ఇది హ్యామ్‌స్టర్‌కి పడుతుందా అని ఒక్కసారి అడగండి, అడగడంలో తప్పులేదు.

మన వైపు నుంచి కూడా జాగ్రత్త: ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోండి, ముద్దులు పెట్టొద్దు. ఇవి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాని మొయ్యగలవు, అరుదుగా ఎల్‌సీఎంవీ అనే వైరస్ కూడా. గర్భంతో ఉన్నవాళ్ళు కేజ్ శుభ్రం చేసే పని ఇంకొకరికి అప్పజెప్పాలి.

## 12. పారిపోతే

1. ముందు అన్ని తలుపులూ మూసి, కింద సందుల్లో గుడ్డలు కుక్కండి. పిల్లినీ కుక్కనీ ఒక గదిలో పెట్టెయ్యండి.
2. వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ వెనక, సోఫా లోపల చూసేదాకా వాటిని కదపొద్దు, ఆన్ చెయ్యొద్దు.
3. రాత్రికి ప్రతి గదిలో లెక్కపెట్టిన గింజలు పెట్టి, చుట్టూ పల్చగా పిండి చల్లండి. పొద్దున అడుగులు ఎక్కడుంటే ఆ గదిలోనే ఉంది.
4. ఆ గదిలో ఒక లోతైన నున్నటి బకెట్ పెట్టి, అడుగున బెడ్డింగ్, దాని గూట్లోని కొంచెం గడ్డి, గింజలు వెయ్యండి. పుస్తకాలు మెట్లలా పేర్చి అంచు దాకా దారి చెయ్యండి. దిగుతుంది, ఎక్కలేదు. పడినా దెబ్బ తగలకుండా బెడ్డింగ్ మందంగా ఉండాలి.
5. లైట్లు ఆపి నిశ్శబ్దంగా ఉండండి. కేజ్‌ని కూడా తలుపు తెరిచి నేల మీద పెట్టండి, కొన్ని వాటంతటవే తిరిగొస్తాయి.

రెండు మూడు రాత్రులు పట్టినా వదలొద్దు, ఈ ఏర్పాటు రోజూ అలాగే ఉంచండి. దొరికాక నీళ్ళు పెట్టి, తూకం వేసి, కాళ్ళూ పాదాలూ దెబ్బలున్నాయేమో చూసి, తిరిగి కేజ్‌లో వదిలే ముందు అది ఏ సందులోంచి పోయిందో కనిపెట్టి మూసెయ్యండి, లేదంటే ఆ రాత్రే మళ్ళీ పోతుంది.